మా కారు నెత్తి మీద గొళ్లెం

కారు టాప్ కోయించిన మనిషి కూతుర్ని నేను. ఈ సంగతి పెళ్ళిచూపుల్లో నోరు జారి చెప్పొద్దని అమ్మ నాచేత ఒట్టు వేయించుకుంది. పెళ్ళయి చాలా కాలమైంది కాబట్టి ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టి ఇప్పుడు చెప్తున్నాను.

అవి తొంభైల మొదటి రోజులు. చిక్కడపల్లిలో, అశోక్‌నగర్ వైపుకు తిరిగే ఒక సందులో మా ఇల్లు. కింద మేము నలుగురం ఉండేవాళ్ళం. బాపు అని నేను పిలిచే మా నాన్న, అమ్మ, బాపు తల్లి అయిన మా నాయనమ్మ, నేను. పైన గదుల్లో సర్కారు నౌకరీ పరీక్షలకు చదువుకునే జిల్లాల పిల్లలు కిరాయికి ఉండేవాళ్ళు. బాపు ఆ ఏడే ఒక పాత ఫియట్ కొన్నాడు. అది నాకంటే వయసులో పెద్దది. దాని రంగేమిటని ఎవరైనా అడిగితే ఇంట్లో తలా ఒక రంగు చెప్పేవాళ్ళం, ఎవరూ అబద్ధం చెప్పినట్టు కాదు. కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, బాపు ముందుగా నాయనమ్మను పిలిచాడు.

"అమ్మా, దా. ముందు సీట్ల నువ్వే కూసోవాలె."

నాయనమ్మ తలుపు తడుముకుంది. వంగి తల లోపలికి పెట్టింది. పెట్టిన తలను పెట్టినట్టే బయటికి తీసుకుంది.

"అమ్మో, ఈ డబ్బల నాకు ఊపిరాడదు బిడ్డా," అని వెళ్ళి అరుగు మీద కూర్చుంది.

ఆ రోజు దాన్నెవరూ పట్టించుకోలేదు. పెద్ద మనిషి, అలవాటు లేదు, రెండు రోజులైతే తనే ఎక్కుతుందిలే అనుకున్నాం.

నాయనమ్మకు అప్పటికే రెండు కళ్ళల్లో శుక్లాలు. సందులో ఎవరు ఎటు పోతున్నారో అరుగు మీద కూర్చుని అన్నీ చూసి, సాయంత్రం మాకు వార్తలు చెప్పే మనిషి ఆమె. అలాంటిది మెల్లగా చెప్పుల చప్పుడును బట్టి మనుషుల్ని గుర్తుపట్టే దాకా వచ్చింది. ఒకసారి దండెం మీద ఆరేసిన బాపు లుంగీని పట్టుకుని "అన్నం తిన్నవా, గట్ల నిలబడ్డవేంది?" అని అడిగింది. లుంగీ మాట్లాడకపోయేసరికి కోపం కూడా చేసింది. మేమంతా పడీ పడీ నవ్వాం, ఆమె కూడా నవ్వింది. కానీ ఒకరోజు నేను కాలేజీ నుంచి వచ్చి ఎదురుగా నిలబడితే, నా ముఖంలోకి చూస్తూ "ఎవరు బిడ్డా?" అంది. అప్పుడు మాత్రం నాకు నవ్వు రాలేదు, భయం వేసింది.

సందు చివర బడిలో కళ్ళ పరీక్షలు పెడితే చెయ్యి పట్టుకుని నేనే నడిపించుకెళ్ళాను. డాక్టరు చూసి, నారాయణగూడలో తమ ఆసుపత్రికి తీసుకొచ్చి ఆపరేషన్ చేయించమన్నాడు. ఇంకా ముదరబెడితే తర్వాత చేసినా చూపు వస్తుందని చెప్పలేనన్నాడు. నేను ఇంటికొచ్చి ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పబోతే అమ్మ నా నోరు మూసింది.

మా ఇంట్లో ఆపరేషన్ అనే మాట అనకూడదు. నేను పుట్టకముందు మా తాత ఏదో చిన్న ఆపరేషనని, తన కాళ్ళతో తను నడుచుకుంటూ ఆసుపత్రికి వెళ్ళి మళ్ళీ ఇంటికి రాలేదు. అప్పటినుంచి ఆ మాటను ఇంట్లోంచి వెళ్ళగొట్టారు. దానికి బదులు 'ఆ పని' అంటారు. "ఆ పనికి తారీఖు ఇచ్చిన్రా?" "ఆ పని పొద్దున అయితదా, మధ్యాహ్నమా?" అని బాపు, అమ్మ గొంతులు తగ్గించి మాట్లాడుకుంటుంటే, మేము ఎవరింటికో కన్నం వెయ్యడానికి ముహూర్తం పెట్టుకుంటున్నామని పైన పిల్లలు అనుకోవాలి.

"కారున్నది గద, కార్ల పోదాం," అన్నాడు బాపు.

"డబ్బల నాకు ఊపిరాడదంటి గదా," అంది నాయనమ్మ.

"అద్దాలు మొత్తం దించుత."

"పక్కల గాలొస్తే ఏం ఫాయిదా బిడ్డా? నెత్తి మీద మూసుకపోయి ఉన్నది గదా."

ఈ ఒక్క మాట మా బాపును పట్టుకుంది. ఆ పూట అన్నం తింటున్నంతసేపూ కంచం వైపు చూడకుండా ఇంటి కప్పు వైపే చూశాడు. చెయ్యి కడుక్కుని వచ్చి, నారాయణగూడ చౌరస్తాలో తానొక విదేశీ కారు చూశాననీ, దాని టాప్ మధ్యలో కిటికీ ఉందనీ, అందులోంచి ఒక పిల్లవాడు తల బయటికి పెట్టి ఐస్‌క్రీం తింటున్నాడనీ చెప్పాడు.

"దాన్ని సన్‌రూఫ్ అంటరు. మన కారుకు పెట్టిస్త."

"అది కారుతోపాటే వస్తది గాని, మధ్యల కోపిచ్చేది కాదు," అంది అమ్మ.

"నీ చెవులకు రంధ్రాలు పుట్టుకతోనే వచ్చినయా? కుట్టిస్తేనే గద వచ్చినయ్?"

అమ్మ కమ్మలు తడుముకుంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

కవాడిగూడలో డెంటింగ్ పనిచేసే ఒక ఉస్తాద్ ఉండేవాడు. సొట్టలు పడిన కార్లను సుత్తితో కొట్టి చక్కబెట్టేవాడు. కొడుతూనే మాట్లాడేవాడు కాబట్టి అతను చెప్పేది మనకు సగం, మనం చెప్పేది అతనికి సగం వినబడేవి. బాపుతో నేనూ వెళ్ళాను. బాపు కారు టాప్ మీద చెయ్యి వేసి గర్వంగా, "ఉస్తాద్, దీనికి సన్‌రూఫ్ పెట్టాలె," అన్నాడు.

సుత్తి ఒక్క క్షణం ఆగింది. "సన్నరూఫా? అయిపాయె సార్. మీరు జర పరేషాన్ గాకుండ్రి. ఫస్ట్ క్లాస్ సన్నరూఫ్ చేసిస్త."

అతను తెలుగులో విన్నాడు, బాపు ఇంగ్లీషులో చెప్పాడు. మధ్యలో ఒక అక్షరం ఎక్కువైంది, మా కొంప మునిగింది. నాకు ఆ ఎక్కువైన అక్షరం అక్కడే వినబడింది. కానీ ఇద్దరు మగవాళ్ళు ఒక కారుకు చెరోవైపు నిలబడి ఒప్పందానికి వచ్చాక మధ్యలో ఆడపిల్ల మాట ఎవరు వింటారని మూతి ముడుచుకుని ఊరుకున్నాను.

తర్వాత వెళ్ళి చూస్తే టాప్ మీద ముందునుంచి వెనక దాకా ఒక సందు. నా నాలుగు వేళ్ళు దూరతాయి, ఐదోది దూరదు. గుడి హుండీకి ఉండే సందు గుర్తొచ్చి చిల్లర వెయ్యాలనిపించింది నాకు. బాపు ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఇదేంది ఉస్తాద్?"

"సన్నరూఫ్ అంటిరి గద సార్. ఇంతకన్న సన్నగ కోస్తే గాలి గూడ పోదు."

"అది సన్న కాదయ్యా! సన్! ఇంగ్లీషుల సన్ అంటే సూర్యుడు."

ఉస్తాద్ సుత్తి కింద పెట్టి, ఆకాశం వైపు ఒకసారి చూసి, మా బాపు వైపు ఒకసారి చూశాడు. "సూర్యుని కోసమా! గట్లని ముందే చెప్పొద్దా సార్? సూర్యుడు గుండ్రంగ ఉంటడు. నేను గుండ్రంగనే కోస్తుంటి గదా."

గుండ్రంగా వద్దని, నలుచదరంగా కావాలని బాపు ఈసారి కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. సన్నటి సందు అటూ ఇటూ పెరిగి చివరికి ఒక మనిషి తల, భుజాలు పట్టేంత కంత అయింది. కోసిన రేకు ముక్కలు ముక్కలైపోయింది కాబట్టి మూతకు వేరే కారు రేకు తెచ్చాడు. దాంతో మా కారు మీద ఇంకో రంగు చేరింది. ఆ మూతకు ఇంటి తలుపులకు వేసే బందులు, వాన నీళ్ళు దిగకుండా చుట్టూ సైకిల్ ట్యూబు కోసి అంటించిన రబ్బరు, లోపల్నుంచి బిగించుకోవడానికి ఒక గొళ్లెం. స్నానాల గదికి ఉండే గొళ్లెమే. లోకంలో కార్లన్నిటికీ తలుపులకు తాళాలుంటాయి, మా కారుకు నెత్తి మీద గొళ్లెం ఉండేది.

కారు సందులోకి రాగానే పైన పిల్లలు పుస్తకాలు మూసి వరండాలోకి వచ్చారు. అందులో పొడుగ్గా ఉండే ఒకాయన ఎంతో వినయంగా అన్నాడు. "అంకుల్, కార్ల మనుషులు లేనప్పుడు పైనుంచి పిల్లులు దిగుతయేమో. జర చూసుకోండ్రి."

బాపు నాయనమ్మ చెయ్యి పట్టుకుని ముందు సీట్లో కూర్చోబెట్టి, గొళ్లెం తీసి, మూత పైకెత్తాడు. ఎండ ఆమె ఒళ్ళో పడింది. ఆమె చెయ్యి పైకెత్తి, కప్పు ఉండాల్సిన చోట తడిమి చూసింది. చెయ్యి ఎక్కడా తగల్లేదు.

"నిజంగనే కోపిచ్చినవా బిడ్డా?" అంది.

ఆ గొంతులో సంతోషం వినబడిందని బాపు అన్నాడు. నాకైతే ఇంకేదో వినబడింది, కానీ అదేమిటో అప్పుడు తెలియలేదు.

ఆ రోజునుంచి నాయనమ్మ అరుగు వదిలేసి కారుకు మారింది. సాయంత్రం కాగానే, గేటు ముందు ఆగి ఉన్న ఫియట్‌లో ముందు సీట్లో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీసేది. మూత తెరిచి ఉంటే పై వరండాలోంచి ఆమె నెరిసిన తల కనబడేది. పొడుగాయన పైన నిలబడి బట్టీ పడుతుంటే ఈమె కిందినుంచి జవాబులు ఇచ్చేది.

"మన దేశంల పొడుగైన నది ఏది?"

"గంగమ్మనే గద బిడ్డా. గది గూడ తెల్వకుంటే నౌకరీ ఎట్లిస్తరు నీకు?"

సందులో వాళ్ళు ఆగి కారుతోనే మాట్లాడి పోయేవాళ్ళు. మా ఇంటికి ఒక గది పెరిగినట్టయింది. బాపు ఆఫీసు నుంచి వచ్చి ఆ గదిని చూసుకుని మురిసిపోయేవాడు. అమ్మ మాత్రం కిటికీలోంచి చూస్తూ, "కారు కదలాలె గద మరి," అనేది. ఎవరితో అనేదో తెలియదు.

ఆసుపత్రి వాళ్ళిచ్చిన రోజు రానే వచ్చింది. వెనక సీట్లో అమ్మ, నేను. ముందు నాయనమ్మ, కొత్త చీర. మూత తెరిచి, చిక్కడపల్లి బజారు మీదుగా బయలుదేరాం. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళంతా వంగి మా కారులోకి చూశారు. నారాయణగూడ చౌరస్తా దాకా బాగానే ఉంది. అక్కడ ఒక గుంతలో పడగానే నెత్తి మీద మూత ఠపాఠపా కొట్టుకోవడం మొదలుపెట్టింది.

బాపు కారు పక్కకు ఆపి, చెవి పైకి పెట్టి విన్నాడు. "బందు లూజ్ అయింది. ఈ చప్పుడుతోని ఆసుపత్రి లోపలికి పోతే రోగులు పరేషాన్ అయితరు."

"అవు బిడ్డా, వాపస్ తిప్పు. పాపం రోగులు," అంది నాయనమ్మ వెంటనే.

వాపస్ తిప్పాడు. ఆసుపత్రి బోర్డు మాకు కనబడుతూనే ఉంది. వచ్చే దారిలో మిర్చి బజ్జీలు పొట్లం కట్టించారు. ముందు సీట్లో తల్లీకొడుకులు ఊదుకుంటూ తింటూ, బజ్జీలో వాము ఎక్కువైందా తక్కువైందా అని వాదించుకుంటూ ఇల్లు చేరారు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ రోజు బజ్జీ ముట్టనని భీష్మించుకుని, చివరికి చల్లారిన రెండు తిన్నాను.

మళ్ళీ తారీఖు తీసుకున్నాం. ముందు రోజు వాన పడి, మూత సందుల్లోంచి ముందు సీటంతా తడిసింది. తడి సీట్లో కూర్చుంటే నాయనమ్మకు పడిశం పడుతుందని, పడిశంతో ఆ పని చెయ్యరని బాపు తనే తేల్చేశాడు. నాయనమ్మ అప్పటికే నాలుగైదుసార్లు ప్రయత్నించి ఒక తుమ్ము తుమ్మింది. కారు మళ్ళీ కవాడిగూడ వెళ్ళింది. ఉస్తాద్ ఇంకో వరుస ట్యూబు అంటించాడు. అది ఆరే లోపల నాయనమ్మ వంటింటి గడప తట్టుకుని పడింది. దెబ్బ పెద్దది కాదు, కానీ పడ్డాక లేచి ఏ వైపు తిరగాలో తెలియక గోడ వైపుకు నడిచింది. ఆమెను అలా చూసి నేను ఏడ్చాను.

అలా మూడోసారి తారీఖు వచ్చింది. పొద్దున్నే సన్నగా తుంపర. బాపు కారు చుట్టూ తిరిగాడు. మూత ఎత్తాడు, దించాడు, రబ్బరును వేలితో నొక్కాడు, వాసన చూశాడు.

"ఇంక జర ఆరాలె. ఇయ్యాల పోతే మల్ల ఊడొస్తది. వచ్చే వారం పోదాం."

"గంతే బిడ్డా. నెత్తి మీద తడి మంచిది కాదు," అంది నాయనమ్మ. అప్పటికే చెప్పులు విడిచేస్తోంది.

అమ్మ వంటింట్లోంచి కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. మా అమ్మ గట్టిగా మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు కూడా గట్టిగా మాట్లాడలేదు.

"నారాయణగూడకు రిక్షా పోదా?" అంది.

సందు మలుపులో, ఎప్పుడూ ఉండే చోటే, రిక్షా ఉంది. రిక్షావాడు సీటు తుడుస్తున్నాడు. దాని టాప్ వెనక్కి మడిచి ఉంది. దానికి నెత్తి మీద ఏమీ లేదు, ఏనాడూ లేదు. ఎవరూ కోయించకుండానే ఆకాశమంతా దాని మీదే ఉంది. నారాయణగూడ ఎంత దూరమని? నేను రోజూ కాలేజీకి నడిచిపోయే దూరం. ఇన్ని నెలలుగా నలుగురం రోజూ ఆ రిక్షా పక్కనుంచే తిరిగాం.

నాకు ముందు నవ్వు తన్నుకొచ్చింది. బాపు ముఖం చూశాక ఆగిపోయింది. ఆయన మూత మీద చెయ్యి అలాగే పెట్టి, దొరికిపోయినవాడిలా నిలబడి ఉన్నాడు.

నాయనమ్మే ముందు నోరు విప్పింది. "నాకు భయమైతంది కోడలా. ఊపిరాడదని వట్టిగనే అన్న. నాకు కార్ల మంచిగనే ఊపిరాడతది. వీడు నిజంగనే కోపిస్తడని నాకేమెరుక?"

బాపు కారు ముందు బంపరు మీద కూర్చున్నాడు. "నాక్కూడా భయమే అమ్మా," అన్నాడు. "నువ్వు వద్దన్నప్పుడల్లా నాకు పానం నిమ్మళమయ్యేది. బాపు గూడ గిట్లనే మంచిగ నడుసుకుంట పోయిండు." ఆయన బాపు అంటే మా తాత.

కారు టాప్ కోయించడం, బందులు మార్చడం, రబ్బరు ఆరబెట్టడం, అన్నీ అందుకే. తల్లి చెప్పిన సాకును కొడుకు పట్టుకున్నాడు, కొడుకు చూపిన సాకును తల్లి పట్టుకుంది. చూపు పోతోందని ఇద్దరికీ తెలుసు. అయినా ఇద్దరూ కలిసి ఒక రేకు మూత వెనక దాక్కున్నారు. నాకు ఇద్దరి మీదా విపరీతమైన కోపం వచ్చింది. ఆ కోపంతోనే ఇద్దర్నీ గట్టిగా పట్టుకోవాలనిపించింది.

అమ్మ మాత్రం నాయనమ్మ చెప్పులు మళ్ళీ కాళ్ళ ముందు పెట్టింది. "అందరికీ భయమే అత్తమ్మా. తొడుక్కోండ్రి," అని, రిక్షావాణ్ణి చెయ్యెత్తి పిలిచింది.

రిక్షాలో ఇద్దరికే చోటు. నాయనమ్మ, బాపు ఎక్కారు. అమ్మ, నేను వెనకాల నడిచాం. తుంపర పడుతూనే ఉంది. వాళ్ళలో ఎవరూ టాప్ వేయమనలేదు. చిక్కడపల్లి దాటేవరకు ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు వదల్లేదు. ఎవరిని ఎవరు తీసుకెళ్తున్నారో వెనకనుంచి చూసే మాకు అర్థం కాలేదు.

ఆసుపత్రిలో నర్సు వచ్చి పేరు పిలిచింది. బాపు కూడా లేచి లోపలికి నడవబోతే, వీల్లేదంది. నాయనమ్మ ఆయన ముఖం తడిమింది. చెంపలు, ముక్కు, తడిసిన కళ్ళు.

"నువ్వీడనే కూసో నాయనా," అంది. "ఆపరేషనే గదా. చేసుకొని వస్త."

ఆ మాట ఆమె నోట అంత తేలిగ్గా రావడం విని అమ్మ ఉలిక్కిపడింది. బాపు బెంచీ మీద కూలబడ్డాడు. ఆ తలుపు తెరుచుకునేవరకు ఆయన దాని వైపు చూడలేదు, నేలనే చూస్తూ కూర్చున్నాడు. తలుపు తెరుచుకుని, ఒక కంటికి కట్టుతో నాయనమ్మను చక్రాల కుర్చీలో తీసుకొస్తే, లేచి నిలబడ్డాడే గానీ అడుగు ముందుకు వెయ్యలేకపోయాడు.

మర్నాడు కట్టు విప్పారు. మేము ముగ్గురం మంచం చుట్టూ మూగాం. ముందుగా నన్నే చూస్తుందని నాకు గట్టి నమ్మకం, అందుకే మంచి లంగా ఓణీ వేసుకుని అందరికంటే ముందు నిలబడ్డాను. నాయనమ్మ కన్ను ఒకసారి మూసింది, తెరిచింది. నీళ్ళు కారాయి. డాక్టరు మెల్లగా అన్నాడు, తొందరేం లేదని. ఆమె చూపు నన్ను దాటి, అమ్మను దాటి, వెనక నిలబడ్డ బాపు దగ్గర ఆగింది. చాలాసేపు అక్కడే ఉంది.

"ఏందిరా," అంది చివరికి. "గింత ముసలోడివి ఎప్పుడైనవ్?"

అప్పుడు నేను కూడా తిరిగి చూశాను. బాపు జుట్టు చెవుల దగ్గర తెల్లబడి ఉంది. రోజూ చూస్తున్న నాకే అది ఆ క్షణం వరకు కనబడలేదు.

"నువ్వు కారెక్కనన్నప్పటినుంచేనమ్మా," అన్నాడు బాపు.

నాయనమ్మ చెయ్యి చాపింది. ఆయన వంగాడు. ఆ తెల్ల వెంట్రుకలను ఆమె ఒక్కొక్కటిగా చూస్తూ ఉండిపోయింది. నా వంతు వచ్చేసరికి డాక్టరు ఇక కన్ను మూసుకోమన్నాడు.